పెరటి కోళ్ల మరణములు – మన మౌనము

(బొమ్మిడిలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద సాధారణముగా భాషను గూర్చియు, బడులను గూర్చియు, మన పిల్లల తెలుగు చదువును గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు మేము కోళ్లను గూర్చి మాట్లాడెదమనగా కొందరు చిరునవ్వు నవ్విరి. నవ్వినను తప్పులేదు. కాని ఈ సభలో కూర్చున్నవారిలో పెరటిలో నాలుగు కోళ్లయినను లేని ఇల్లు ఎన్ని? బాలింతకు, పసిబిడ్డకు గ్రుడ్డు ఆ పెరటినుండియే వచ్చును. చుట్టము వచ్చిననాడు పుంజు ఆ పెరటిలోనే దొరకును. పెట్టను అమ్మగా వచ్చిన సొమ్ము ఇల్లాలి కొంగుముడిలోనే ఉండును. దానికి లెక్క అడుగు మగవాడు లేడు. అట్టి సొత్తు ఒక్క వారములో మట్టిలో కలిసిపోవుచుండగా మనము నోరు మెదపక ఊరకుండుట ఎందుకు? ఇదియే నేటి మా ప్రశ్న.

మేము చెప్పదలచినది క్లుప్తముగా ఇది. కోడి చచ్చుట నష్టము. అది ఎందుకు చచ్చినదో విచారింపకుండుట అంతకంటె పెద్ద నష్టము. చచ్చిన సంగతి దాచుట నష్టము మాత్రమే కాదు, తప్పు. ఈ మూడును మా ఇంట జరిగినవి. అందుచేత ఇతరులకు నీతి చెప్పుటకు గాక, మా తప్పును ఒప్పుకొనుటకే ముందుగా నిలిచితిమి.

రెండేండ్ల క్రిందటి మాట. మా పెరటిలో చిన్నవి పెద్దవి కలిసి 23 కోళ్లు ఉండెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ప్రభుత్వమువారు కోళ్లకు టీకాలు వేయుచున్నారని వీధిలో చాటిరి. మా కోళ్లు నిగనిగలాడుచు తిరుగుచున్నవి. రోగము లేని కోడికి సూది ఎందుకని మేము గంప తీయనేలేదు. ఎండలు ముదిరిన పిమ్మట ఒక ఉదయమున ఒక పెట్ట ఈకలు రేపుకొని, కన్నులు మూసికొని గోడమూల నిలబడెను. సాయంకాలమునకు చచ్చెను. ఎండదెబ్బ అనుకొంటిమి. మరునాడు మూడు. దిష్టి అనిరి ఇంటి పెద్దలు. మూడవనాడు అయిదు. అప్పుడు మా మనస్సులోనికి విషము ప్రవేశించెను. ఆ విషము కోళ్లను చంపిన విషము కాదు.

మా పొరుగింటివారు తమిళులు. మూడు తరములుగా ఒకే కంచెకు ఇరువైపుల కాపురములు. అంతకు నెల ముందే, మా కోళ్లు వారి నారుమడిని చెరిపినవని ఆ ఇంటి అక్క నాలుగు మాటలు అనియుండెను. ఆ మాటలు జ్ఞాపకమునకు వచ్చెను. ఎవరో మందు పెట్టిరని ఒకరు అనిరి. ఎవరని మరియొకరు కంచెవైపు చూచిరి. అంతే. సాక్ష్యము లేదు, విచారణ లేదు. ఆనాటినుండి ఆ ఇంటితో మాటలు నిలిచిపోయెను. నీళ్లకు పోవునపుడు ఎదురుపడిన ఆడవారు తల త్రిప్పుకొనిరి.

ఇంకను మిగిలినవానిలో నాలుగు పెట్టలు చూచుటకు బాగుగనే ఉండెను. అవియు చచ్చులోపల నాలుగు రూపాయలు చేసికొందమని గంపలో పెట్టి సంతకు పంపితిమి. అమ్ముడుపోయెను. కొన్నవారు ఏ ఊరివారో మాకు తెలియదు. నేటికిని తెలియదు.

ఏడవనాటికి మా పెరటిలో మిగిలినవి రెండు. మా ఇంటి చిన్నవాడు కళాశాలలో చదువుచున్నవాడు. చచ్చిన కోడిని సంచిలో పెట్టుకొని పశువైద్యశాలకు పోయెను. వైద్యులు దానిని కోసి చూపిరి. కందనకాయకు ముందుండు మెత్తని జీర్ణకోశపు లోపలి గోడమీద సూదిమొనలతో పొడిచినట్లు ఎఱ్ఱని చుక్కలు. ప్రేవులలో పుండ్లు. 'ఇది రాణిఖేతువలె ఉన్నది. రూఢి చేయుటకు ప్రయోగశాలకు పంపవలెను. ఇది విషము పెట్టిన చావువలె లేదు' అని వారు చెప్పిరి. ప్రయోగశాలనుండి అదే మాట వచ్చెను.

ఆ సాయంకాలము మేము కంచె దాటి పోయితిమి. మా ఇంటి ఆమె 'అక్కా, మా కోళ్లకు వచ్చినది తెగులట. నీ కోళ్లను కాపాడుకొమ్ము' అనెను. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట లోపలికి పిలిచి, తమ పెరటిలోను ఆరు కోళ్లు చచ్చినవనియు, నలుగురికి తెలిసిన మిగిలినవి అమ్ముడుపోవని రాత్రివేళ పూడ్చితిమనియు చెప్పెను. చూడుడు, ఒకే తెగులు రెండు ఇండ్లను దోచుచుండగా, రెండు ఇండ్లును నోరు మూసికొని ఒకరినొకరు అనుమానించుచు కూర్చుండెను. వారు మొదటి కోడి చచ్చిననాడే మాతో చెప్పినను, మేము వారితో చెప్పినను, సగమైనను దక్కియుండును. మేము సంతకు పంపిన నాలుగు కోళ్లు ఎన్ని పెరళ్లను పాడుచేసెనో తలచుకొన్నపుడు ఇప్పటికిని మాకు నిద్ర పట్టదు. ఎవరో మాకు విషము పెట్టిరని ఏడ్చిన మేమే, ముక్కు మొగము తెలియనివారి ఇంటికి తెగులును అమ్మితిమి.

ఇక ఈ తెగులును గూర్చి రెండు మాటలు. ఇది సూక్ష్మమైన వైరస్ వలన కలుగు వ్యాధి. 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ ప్రాంతమునను దీనిని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ దశకములోనే మన దేశమున కుమావూ కొండలలోని రాణిఖేతులో కనబడినందున మనవారికి ఇది రాణిఖేతు వ్యాధి అయ్యెను. ఆంధ్రదేశమున కొక్కెర తెగులు అందురు. ఇచ్చటి తమిళులు వెళ్ళై కళిచ్చల్ అందురు, అనగా తెల్ల పారుడు. మన ఇండ్లలోనో, 'కోళ్లు తూగుచున్నవి' అని ఊరకుందుము. తూగుట వ్యాధి పేరు కాదు. ఏ జబ్బు చేసిన కోడియైనను తూగును. వైద్యునితో ఆ ఒక్క మాట చెప్పిన ఆయన ఏమి గ్రహింపగలడు?

సోకిన తరువాత సాధారణముగా అయిదారు దినములలో వ్యాధి బయటపడును. ఒక్కొక్కప్పుడు పదునైదు దినములైనను పట్టును. అందుచేతనే నేడు ఆరోగ్యముగా కనబడు కోడి రేపటి మృత్యువును మోసికొని సంతకు పోగలదు. తెలుపు, ఆకుపచ్చ కలిసిన నీళ్ల రెట్ట, నోరు తెరచి ఎగశ్వాస, రెక్కలు కాళ్లు పడిపోవుట, మెడ మెలిదిరుగుట దీని లక్షణములు. టీకా లేని మందలో ఒక్కొక్కప్పుడు అన్నియు పోవును. రెట్టతో, ముక్కు నోటి నీటితో, మన చెప్పులతో, గంపలతో, మేత గిన్నెలతో ఇది ఇల్లిల్లు తిరుగును. వచ్చిన పిమ్మట దీనిని చంపు మందు లేదు. వెల్లుల్లి, మిరియాలు, పసుపు, జీలకఱ్ఱ నూరి పెట్టుట మన పెద్దల అలవాటు. దానిని మేము నిందింపము. అయితే అది టీకాకు బదులు కాజాలదు. మందుల అంగడిలో మనుష్యుల బిళ్లలు తెచ్చి కరగించి పోయుట మాత్రము ధనమునకును చేటు, కోడికిని చేటు.

అయినను తూగి చచ్చిన ప్రతి కోడియు రాణిఖేతుతోనే చచ్చెనని అనుకొనరాదు. మూడు నుండి ఎనిమిది వారముల పిల్లలు నెత్తురు రెట్ట వేసి చచ్చిన, అది తడి నేలలో పెరుగు కాక్సిడియా అను పరాన్నజీవి పని కావచ్చును. దానికి మందు కలదు. తురాయిమీద, కంటిచుట్టు పొక్కులు లేచిన అది కోళ్ల మశూచి. దోమలు దానిని వ్యాపింపజేయును. బలిసిన కోడి ఏ లక్షణమును చూపకుండ రాత్రికి రాత్రి పడిపోయిన కోళ్ల కలరా కావచ్చును. కోళ్లు పాలిపోయి, బరువు తగ్గి, ఒక్కొక్కటిగా రాలుచున్నపుడు రాత్రి దీపము పట్టుకొని గూటి గోడ పగుళ్లను చూడవలెను. పగలు పగుళ్లలో దాగి రాత్రి నెత్తురు త్రాగు గోమార్లు అచ్చట కనబడవచ్చును. ఎలుకల మందు, పురుగుల మందు కలిపిన విత్తనములు తినియు కోళ్లు చచ్చును. కావున విషమను అనుమానము ఎప్పుడును తప్పని మేము అనము. అయితే అది కూడ విచారించి తేల్చవలసినదే గాని కంచెవైపు చూచి తేల్చవలసినది కాదు.

కారణము తెలియని చావు అనునది లోకమున చాల తక్కువ. కారణము అడుగని చావులే ఎక్కువ. దీనికి రెండు ఉదాహరణములు చెప్పుదుము.

1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చెను. ఏ క్రిమియు దొరకలేదు. పేరు పెట్టుటకైనను తోచక దానిని 'టర్కీ ఎక్స్ వ్యాధి' అనిరి. అయినను వారు విచారణను విడువలేదు. చివరకు మేతలోని వేరుసెనగపిండి బ్రెజిల్ దేశమునుండి వచ్చినదనియు, దానికి పట్టిన బూజులో పుట్టిన విషమే పిల్లలను చంపెననియు తేలెను. అఫ్లటాక్సిన్ అను పేరు లోకమునకు తెలిసినది అప్పుడే. వేరుసెనగ పండించు మన సీమవారికి ఈ కథ ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. మనము తినుటకు పనికిరాదని పారవేయు బూజు కాయలను, చెమ్మగిలిన పిండిని కోళ్ల ముందు పోయుట మన అలవాటు. ఇక మీదట మానవలెను.

అంతకు ముందు, పందొమ్మిదవ శతాబ్దము చివర, నేటి జకార్తా అయిన బటేవియాలో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుచుండెను. ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు కాళ్లు పడిపోవుచుండెను. క్రిములకొరకు వెదకెను, దొరకలేదు. కొన్ని నెలలకు జబ్బు తనంతట తానే మాయమయ్యెను. సంతోషించి ఊరకుండక, 'ఏమి మారినది?' అని ఆయన అడిగెను. జబ్బు చేసిన నెలలలో కోళ్లకు ఆసుపత్రి వంటశాలనుండి పాలిషు పట్టిన బియ్యపు అన్నము పెట్టుచుండిరి. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్లకు ఇయ్యనని నిరాకరింపగా, ముడి బియ్యము పెట్టసాగిరి. కోళ్లు కోలుకొనెను. తవుడులో ప్రాణమును నిలుపు వస్తువేదో ఉన్నదని ఈ మార్గముననే తెలిసెను. దానినే నేడు బి1 విటమిన్ అనుచున్నాము. 1929లో ఐక్మన్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించెను. కోళ్ల జబ్బును తేలికగా తీసికొనని మనిషివలన మనుష్యజాతికే మేలు కలిగెను. మన పెరటిలో మొదటి కోడి పడిననాడు మనమును అదే ప్రశ్న వేసికొనవలెను: ఏమి మారినది? క్రొత్త కోడి వచ్చినదా? మేత మారినదా? ఎవరు వచ్చిపోయిరి? గూడు తడిసినదా?

ఇప్పుడు చేయవలసిన పనులు.

మొదటిది, జబ్బుపడిన కోడిని వెంటనే విడిగా కట్టవలెను. మంచివానికి మేతపెట్టిన తరువాతనే జబ్బుదానివద్దకు పోవలెను. చేతులు, కాళ్లు సబ్బుతో కడుగుకొనవలెను.

రెండవది, లెక్క వ్రాయవలెను. ఏనాడు ఎన్ని పడినవి, రెట్ట ఏ రంగు, మెడ ఎట్లున్నది, వయస్సెంత అని ఒక కాగితముమీద నాలుగు పంక్తులు చాలును. వైద్యునికి అది సగము పరీక్ష.

మూడవది, ఒకటి రెండు కోళ్లు చచ్చినపుడు వైద్యుని అడిగి, కుళ్లకముందే కళేబరమును రెండు ప్లాస్టికు సంచులలో కట్టి మంచుతో తీసికొనిపోవలెను. ధర్మపురిలోని పశువ్యాధి పరిశోధన విభాగము ఇట్టి పనులకే ఉన్నది. అయితే ఒక్కసారిగా అనేక కోళ్లు పడిపోయిన, లేదా తలలు ఉబ్బి తురాయిలు నీలివన్నె తిరిగిన, వానిని ముట్టరాదు, మోయరాదు. వైద్యులనే పిలిపింపవలెను. పశువైద్య సహాయమునకు ప్రభుత్వము ఏర్పరచిన ఫోను సంఖ్య 1962. ఏలయనగా అది బర్డ్ ఫ్లూ అను పక్షిజ్వరము కావచ్చును. 2006లో మహారాష్ట్రలోని నవాపూరులో మన దేశమున అది మొదట బయటపడెను. 2025 ఆరంభమున గోదావరి జిల్లాలలో కోళ్లను పెద్దయెత్తున చంపెను. అరుదుగానైనను మనుష్యులకును సోకి ప్రాణము తీయగలదు. పిల్లలను చచ్చిన కోళ్లవద్దకు పోనీయరాదు. పచ్చి మాంసమును వారి చేతికి ఇయ్యరాదు.

నాలుగవది, తెగులు సోకిన మందలోని కోడిని అమ్మరాదు, కోసి పంచరాదు, చుట్టములకు పంపరాదు. చచ్చినదానిని వాగులో గాని, బాటప్రక్కన గాని పడవేయరాదు. కుక్కలు, కాకులు ఊరంతయు త్రిప్పును. నీటి బావికి దూరముగా లోతైన గుంట తీసి సున్నము చల్లి పూడ్చవలెను. 2009వ సంవత్సరపు కేంద్ర చట్టము ప్రకారము ఇట్టి అంటువ్యాధులను తెలియజేయుట పెంచువాని బాధ్యత. అయితే చట్టమునకు భయపడి గాక, సంతలో గంపయొద్ద నిలిచిన ఎరుగనివారిని తలచుకొని ఈ పని చేయవలెనని మా మనవి.

అయిదవది, తెగులు తగ్గినవెంటనే క్రొత్త కోళ్లను తేరాదు. గూడు గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, సున్నము కొట్టి, మూడు నాలుగు వారములు ఖాళీగా ఎండనీయవలెను. తరువాత తెచ్చినవానిని మూడు వారములు వేరుగా ఉంచి చూచిన పిమ్మటనే కలుపవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది టీకా. పిల్ల పుట్టిన వారము లోపల కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క. ఎనిమిది వారములు దాటిన పిమ్మట రెక్క క్రింద చర్మములో సూది. తరువాత ఎప్పుడెప్పుడు వేయవలెనో వైద్యులు చెప్పుదురు. ఈ రెక్క టీకాకు మూలమైన క్రిమిజాతి 1940వ దశకమున హిమాలయములలోని ముక్తేశ్వరములో తయారైనది. రాణిపేటలో 1932లో నెలకొల్పబడిన సంస్థ మన రాష్ట్రపు పశుపక్షులకు టీకాలు తయారుచేయుచున్నది. ఫిబ్రవరి మాసపు శిబిరములలో ప్రభుత్వమువారు మన వాకిటికే వచ్చుచున్నారు. జబ్బులేని కోడికే టీకా వేయవలెను. రోగము లేనిదానికి సూది ఎందుకని మేము అడిగిన ప్రశ్నకు జవాబు ఇదియే.

ఒక చిక్కు కలదు. టీకా సీసా సాధారణముగా వంద కోళ్లకు సరిపోవునది. మంచులో ఉంచవలెను, కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడవలెను. పది కోళ్లున్న ఇల్లు దానిని తెచ్చిన తొంబది మోతాదులు వ్యర్థము. అందుచేత ఒంటరిగా ఎవరును తేరు. పది ఇండ్లు కలిసిన ఒక సీసా, ఒక ఉదయము, ఒక గంట పని. ఇట్టి పనికి సంఘముకంటె తగినది ఏది? మన వీధులలో ప్రతి పది ఇండ్లకు ఒక తల్లి బాధ్యత వహించిన చాలును. ఆ పది ఇండ్లలో తెలుగువారు, తమిళులు అను విభాగము ఉండరాదు. తెగులుకు భాష లేదు. కంచె సందులలోనుండి పోవును.

భాషను గూర్చి చివరిమాట. మన సంఘము భాషకొరకు పుట్టినది. పశువైద్యశాల పలకలమీది పేర్లు తమిళమున ఉన్నవి. మన అవ్వల నోట తెలుగు పేర్లు ఉన్నవి. మందుసీసాలమీద మూడవ భాష. ఈ మూటికి పొత్తు కుదరక ఎన్నో ఇండ్లలో జబ్బుకు పేరే లేకున్నది. మన వారపత్రికలో ఈ వ్యాధుల పేర్లను తెలుగు లిపిలో, తెలుగునను తమిళమునను ప్రక్కప్రక్కన అచ్చువేసి, కోళ్లగూటి తలుపుమీద అంటించుకొనునట్లు ఇయ్యవలెనని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము. మాతృభాష పండుగనాటి పద్యమునకే గాక, కోడికి జబ్బు చేసిననాడు కూడ అక్కరకు రావలెను.

మా పెరటిలో నేడు మరల 17 కోళ్లు ఉన్నవి. అన్నింటికిని టీకాలు అయినవి. కంచె అవతల అక్క ఇంటివానికిని అదే సీసానుండి, అదే ఉదయమున వేయించితిమి. మొన్న ఒక పిల్ల చచ్చినది. ఆమె కంచెమీదుగా పిలిచి, 'మాదొకటి పోయినది, మీవి ఎట్లున్నవి?' అని అడిగెను. చూడగా పిల్లి కఱచిన గాయమే. ఆ మాట వినిన క్షణమున మాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. చావు వచ్చినను ఈసారి ఎవరును దాచలేదు.